కుడి నుంచి చదివిన గడప

మొన్న ఉప్పుగూడలో మా మనవరాలి ఇంటికి వెళ్లినప్పుడు నా చేతిలోని చాయ్ కప్పు జారి కిందపడి పగిలింది. ముసలిదైంది, చేతులు వణుకుతున్నాయి అనుకున్నారు అందరూ. అనుకోనిచ్చాను. నిజానికి ఈ చేతులు ఇప్పటికీ అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాయి. జరిగింది వేరు. బడికి సెలవులు. దాని కొడుకు, అంటే నా మునిమనవడు, ఇంకా కూడబలుక్కుని చదివే వయసువాడు. వాడికోసం మా మనవరాలు ఇల్లంతా పసుపుపచ్చ కాగితం ముక్కలు అంటించింది. కుర్చీకి కుర్చీ అని, ఫ్రిజ్‌కు ఫ్రిజ్ అని, అన్నీ ఇంగ్లీషులో. రోజూ కనపడే వస్తువుల పేర్లు రోజూ చదివిస్తే నోటికి పట్టుబడతాయని టీచరు చెప్పిందట. మంచిదే అనుకుంటూ చాయ్ తాగుతున్నాను. వాడు తెరిచి ఉన్న బయటి తలుపు దగ్గర నిలబడి గట్టిగా ‘‘డాగ్’’ అన్నాడు. ‘‘తప్పు. డోర్. సరిగ్గ చూసి చదువు’’ అంది మా మనవరాలు, ఫోనులోంచి తల ఎత్తకుండా. వాడు మళ్లీ ‘‘డాగ్!’’ అన్నాడు. ‘‘డాగ్ కాదు నాన్నా, ఇంగోసారి’’ అంది. అప్పుడూ తల ఎత్తలేదు.

ఎప్పుడు లేచానో, కప్పు ఎప్పుడు వదిలేశానో నాకు తెలియదు. మోకాళ్ల నొప్పులని మంచం దిగడానికే మూలిగే మనిషిని, ఆ తలుపు దగ్గరికి దాదాపు పరుగెత్తాను. పిల్లవాణ్ణి వెనక్కి లాగి, నేను ముందుకు వచ్చి చూశాను. బయట చెప్పులు ఉన్నాయి, లిఫ్టు ఉంది, ఇంకేమీ లేదు. వాడు నా ముఖం చూసి బిత్తరపోయాడు. మా మనవరాలు పింగాణీ ముక్కలు ఏరుతూ ‘‘ఏమైంది అమ్మమ్మా, గట్ల ఉరికినవేంది?’’ అని అడిగింది. ఏమని చెప్పను? మా తమ్ముడు పోయి ఏడాది కావస్తోంది. వాడి గురించి ఏడవడం కూడా అయిపోయిందనే అనుకున్నాను. తలుపు దగ్గర నిలబడి ఒక పిల్లవాడు ఒక మాట రెండుసార్లు అనేసరికి, వాడు ఆరేళ్లవాడై మళ్లీ నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

అప్పుడు మేము లాల్‌దర్వాజాలో, మహంకాళి గుడి వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. ముందు ఒక అర్ర, దాని వెనక బండలు పరిచిన వాకిలి, వాకిలికి ఒక పక్క వంటిల్లు, ఆ పక్కన సామాన్ల అర్ర. పైకప్పు బాగుచేయించాలని ఇంటాయన తెప్పించిన వాసాలు, దూలాలు వాకిలి మధ్యలో పెద్ద కుప్పగా పడి ఉండేవి. పని ఎప్పుడు మొదలవుతుందో ఆయనకే తెలియదు. ఆ కుప్ప వల్ల వంటింట్లో కూచుంటే సామాన్ల అర్ర కనిపించేది కాదు, మాట మాత్రం వినిపించేది. పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. అందులో చిన్న దర్వాజా ఉండేది. ఆ ఇంట్లో జరీ పని చేసే ఆవిడ ఉండేది, మేము ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. ఆ దర్వాజాకు గొళ్లెం ఉందని కూడా మేము మర్చిపోయాం. మా ఇంట్లో పప్పు పోపు వేస్తే ఖాలా దగ్గేది, ఖాలా ఇంట్లో ఈద్‌కు సేవయ్యలు వేయిస్తే మా నాయనమ్మ ముక్కు ఎగబీల్చి ‘‘నెయ్యి మంచిదే తెచ్చిండ్రు’’ అని తీర్పు చెప్పేది.

మా బాపు కచేరీలో గుమాస్తా. పొద్దున్నే షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ ‘‘నా కలం ఏది, నా టోపీ ఏది’’ అని ఇల్లంతా తిరిగేవాడు. రెండూ ఆయన మీదే ఉండేవి. కచేరీలో రాత ఉర్దూ, లెక్క ఉర్దూ, తిట్టు కూడా ఉర్దూ. నిజాం రోజుల్లో బడి కూడా అంతే. నన్ను ఆడపిల్లనని అప్పటికింకా బడికి పంపలేదు. తమ్ముడు నర్సింగును, మేమందరం నర్సిగాడు అనేవాళ్లం, మాటలు గట్టిగా రాకముందే తీసుకెళ్లి ఉర్దూ బడిలో వేశారు. వాడు పొద్దుగూకే వేళ అలిఫ్, బే అని ఊగుతూ చదువుతుంటే బాపు మీసం కింద నవ్వుకునేవాడు. అమ్మ నవ్వేది కాదు. పెళ్లికి ముందు తండ్రి దగ్గర కూచుని తెలుగు నేర్చుకున్న మనిషి ఆమె. ఇంట్లో మాట్లాడే మాట కొడుక్కి చదవడం రాదంటే ఆమెకు మింగుడుపడలేదు.

ఆ ఏడు ఎండాకాలం సెలవులు ఇవ్వగానే అమ్మ ఆ మాట తెచ్చింది. బాపు అన్నం తింటున్నాడు. ‘‘ఈ చుట్టీలల్ల వానికి తెలుగు చదువుడు నేర్పుతా’’ అంది.

‘‘తెలుగు చదివి ఏం జేస్తడు? బడిల అడుగుతరా, కచేరీల అడుగుతరా?’’ అన్నాడు బాపు.

‘‘నేను అడుగుత’’ అంది అమ్మ.

బాపు మజ్జిగ కలుపుకుంటూ, ‘‘చుట్టీల వరకే. పోరడు బడి చదువుల తికమక పడ్డడా, ఇగ బంద్. మళ్ల తెలుగు ఊసెత్తొద్దు’’ అన్నాడు. అమ్మ సరేనంది. మా ఇంట్లో ఆ ఎండాకాలమంతా ఆ సరే మీదే నడిచింది. నర్సిగాడు తికమక పడకుండా నాలుగు తెలుగు మాటలు చదవాలి, లేకపోతే ఇక వాడు ఎప్పటికీ చదవడు. నాకు ఆ వయసులోనే అది అర్థమైంది, ఎందుకంటే అమ్మ ఆ రోజు గిన్నెలు తోముతూ కూనిరాగం తీయలేదు.

అక్షరాలు నేర్పడం కష్టం కాలేదు, పక్కన కూచున్న నాకూ వచ్చేశాయి. వాడు చురుకైనవాడు. అమ్మ నేర్పే పద్ధతి కూడా వేరు. పుస్తకం లేదు. కనపడిన వస్తువు మీదల్లా సుద్దముక్కతో దాని పేరు రాసేది. రోలు మీద రోలు, చాట మీద చాట, కుండ మీద కుండ. ఇంట్లో నడుస్తుంటే అక్షరాల మధ్య నడుస్తున్నట్టు ఉండేది. నీళ్లు తాగాలంటే చెంబు చదవాలి, కూచోవాలంటే పీట చదవాలి. నాయనమ్మకు మొదట ఇది బొత్తిగా నచ్చలేదు. సామాన్ల అర్ర గడప మీద అమ్మ సుద్దముక్క పెట్టగానే, ‘‘గడప అంటె లక్ష్మి. పసుపు రాసే చోట రాతలేంది కోడలా?’’ అని లొల్లి పెట్టింది. చివరికి రాజీ కుదిరింది. గడప పైభాగం నాయనమ్మ పసుపుకు, వాకిలి వైపు పక్కభాగం అమ్మ అక్షరాలకు.

అసలు చిక్కు చదవడం మొదలుపెట్టాక వచ్చింది. రోలు చూసి వాడు ‘‘లురో’’ అన్నాడు. చాట చూసి ‘‘టచా’’ అన్నాడు. నేను నవ్వి నవ్వి నేల మీద దొర్లాను. అమ్మ వాడు కొంటెతనం చేస్తున్నాడనుకుని చెవి మెలిపెట్టింది. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెవి ఎందుకు మెలిపెట్టిందో వాడికి అర్థం కాలేదని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత అమ్మ వాడి పలక ఇచ్చి, దాని చట్రం మీద తనే రాసిన మాట చదవమంది. వాడు ‘‘కలప’’ అన్నాడు. ‘‘ఏందీ?’’ అంది అమ్మ. వాడు చెక్క చట్రాన్ని వేలితో తట్టి, ‘‘కలపనే గదమ్మా, కట్టెతోటి చేసిండ్రు గదా’’ అన్నాడు. అమ్మ వాణ్ణి వాకిట్లోకి తీసుకెళ్లింది. దూలం మీద తను రాసిన కలప అనే మాట చూపించింది. వాడు కాసేపు చూసి, ఎంతో నమ్మకంగా ‘‘పలక’’ అన్నాడు.

అమ్మ ఆ దూలం మీదే కూలబడింది. నోరు కొంగుతో మూసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ‘‘అయ్యో బిడ్డా, నువ్వు అటు దిక్కు నుంచి చదువుతున్నవా?’’ అంది. వాడికి తెలిసిన చదువు కుడి చేతి వైపు నుంచే మొదలవుతుంది. బడిలో పుస్తకం అలాగే చదువుతారు, బాపు పత్రిక అలాగే చదువుతాడు, కచేరీ కాగితాలన్నీ అలాగే ఉంటాయి. చదవడమంటేనే కుడి నుంచి ఎడమకు అని వాడు అనుకున్నాడు. అలా కాక ఇంకోలా ఉంటుందని వాడికి ఎవరు చెప్పారు గనక? మేమందరం అది చెప్పే పనే లేదనుకున్నాం. ఆ క్షణంలో అమ్మ ముఖం నాకు ఇంకా కళ్లకు కడుతుంది. కొడుకు మొద్దు కాదని తెలిసిన సంతోషం ఒక పక్క, దీన్నే బాపు తికమక అంటాడన్న భయం ఇంకో పక్క.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరిదీ ఒకటే మంత్రం: ‘ఎడమ దిక్కు’. వాడు నోరు తెరవగానే అమ్మ వంటింట్లోంచి ‘‘ఎడమ దిక్కు!’’ అనేది. నేను వాకిట్లోంచి అనేదాన్ని. చదవడం రాని నాయనమ్మ కూడా తమలపాకుల పాన్‌దాన్ మూత మూస్తూ ‘‘ఎడమ దిక్కు రా కొడుకా’’ అనేది. మెల్లగా రోలు రోలైంది, చాట చాటైంది. పలకా కలపా కూడా సర్దుకున్నాయి. ఒక్క గడప మాత్రం లొంగలేదు. వాడు దాని ముందు నిలబడితే చాలు, నోటివెంట పడగ అనే వచ్చేది. మొదటిసారి ఆ మాట చదివినప్పుడు పడగ అంటే ఏందని నాయనమ్మను అడిగాడు. ఆమె అరచేతిని గిన్నెలా వంచి, పైకెత్తి ఊపి చూపించింది. ‘‘నాగన్న తల ఇప్పుతడు సూడు, గది’’ అంది. అప్పటినుంచి ఆ గడప దాటినప్పుడల్లా ఎగిరి దూకేవాడు. మాకు అదొక వినోదం. వాడికి భయమెంతో, నవ్వెంతో మేము పట్టించుకోలేదు.

ఇక్కడ నాయనమ్మ అలవాటు ఒకటి చెప్పాలి. ఇంట్లో పాము అనే మాట ఎవరి నోటా రాకూడదు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని ఆమె నమ్మకం. తప్పనిసరైతే పురుగు అనాలి. ‘పురుగు ముట్టింది’ అంటే పాము కరిచిందని అర్థం. మా సందులో చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. నర్సిగాడు ఒకసారి ఆటలో పాము పాము అని అరిస్తే, వాడి నోట్లో ఇంత ఉప్పు పోసి కడుక్కోమంది. వాడు ఆ తర్వాత ఆ మాట అనలేదు.

ఆ రోజు శుక్రవారం, అప్పట్లో వారం సెలవు అదే. బాపుకు కచేరీ లేదు, ముందు అర్రలో చాప మీద పడుకున్నాడు. వంటింట్లో మామిడికాయ తొక్కు పెడుతున్నారు. నాయనమ్మ ముక్కలు తుడిచి ఇస్తోంది. అమ్మ పెద్ద బేసినులో కారం, ఉప్పు, ఆవపిండి పోసి, రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి కలుపుతోంది. ఆవపిండి ఘాటుకు నా కళ్లు మండుతున్నాయి, అయినా లేచి పోవాలనిపించలేదు, ఆ వాసన అంత బాగుండేది. జాడీ మూతికి కట్టే తెల్లగుడ్డ సామాన్ల అర్రలో ఉంది. ‘‘నర్సిగా, పోయి గుడ్డ పట్కరా బిడ్డా’’ అంది అమ్మ. వాడు దూలాల కుప్ప చుట్టూ తిరిగి వెళ్లాడు. కాసేపటికి కేక వినిపించింది.

‘‘పడగ!’’

‘‘ఎడమ దిక్కు!’’ అన్నాం ముగ్గురం ఒక్కసారే. అలా ఒకేసారి అన్నందుకు మాకే నవ్వొచ్చింది.

‘‘అమ్మా, పడగ!’’

‘‘మళ్ల గదే. గుడ్డ తెమ్మంటె చదువుకుంట నిలవడ్డవా? చదువుతె సరిగ్గ చదువు. గ తోటి మొదలువెట్టు’’ అంది అమ్మ.

‘‘వీనికి గడప ఈ జల్మల రాదే కోడలా’’ అని నాయనమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

‘‘పడగనే అమ్మా...’’ వాడి గొంతు సన్నబడింది.

‘‘గ అను! గ అనురా నర్సిగా!’’ అని నేను అరిచాను.

ఆ తర్వాత వాడి గొంతు వచ్చింది. ఒక్కొక్క అక్షరమే, మధ్యలో ఎక్కిళ్లతో. ‘‘గ... డ... ప.’’

‘‘శబాష్!’’ అంది అమ్మ. ఆమె ముఖం వెలిగిపోయింది. ‘‘సూశిండ్రా అత్తమ్మా? వచ్చింది! ఇగ లోపలికి పోయి గుడ్డ తే నా బంగారు కొండా!’’

అప్పుడే గోడలోని చిన్న దర్వాజా ధడాలుమని తెరుచుకుంది. ‘‘హట్! పీఛే హట్ బేటా!’’ అని ఖాలా పెట్టిన కేకకు మా చేతుల్లోని ముక్కలు జారిపోయాయి. మేము పరుగెత్తి కుప్ప దాటేసరికి, ఖాలా ఒక చేత్తో నర్సిగాడి అంగీ కాలరు పట్టుకుని వెనక్కి లాగేసింది. ఇంకో చేతిలో బట్టలు ఆరేసే వాసపు కర్ర ఉంది. వాడి కుడికాలు గడప దాటడానికి లేచి, అలాగే గాలిలో ఉంది. గడప మీద, నాయనమ్మ పొద్దున రాసిన పసుపు మీద, నాగుపాము పడగ విప్పి నిలబడి ఉంది. దాని కింద తెల్లగా అమ్మ రాసిన మూడు అక్షరాలు. ఖాలా కర్రతో బండ మీద దబదబ బాదింది. అది తల దించి, ఏ తొందరా లేనట్టు, గోడ వారగా జారి, నీళ్లు పోయే మోరీలోంచి బయటికి వెళ్లిపోయింది.

ఖాలా రొప్పుతూ మా వైపు తిరిగింది. అంత కోపం ఆమె ముఖంలో అంతకుముందు గాని, తర్వాత గాని నేను చూడలేదు. ‘‘పిల్లగాడు పడగ, పడగ అని ఒర్రుతుంటె మీరు నవ్వుతున్నరేంది? గోడ అవతల నాకు వినవడ్డది, మీకు వినవడలేదా?’’ అంది.

మాకు వినపడింది. మేము ముగ్గురమూ దాన్ని దిద్దాం. ఖాలాకు తెలుగు మాట్లాడటం వచ్చు, అక్షరాలు రావు. మా ఇంట్లో ఆ మాట మీద నడుస్తున్న పాఠమూ ఆమెకు తెలియదు. అందుకే ఆమెకు పడగ అంటే పడగ అనే వినిపించింది. అమ్మ ఒక్క ఉదుటున వెళ్లి కొడుకును రెండు చేతులతో హత్తుకుంది. ఆ చేతుల నిండా కారం ఉందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. పాము వాడిని ముట్టలేదు గాని, ఆ కారం వాడి మెడకూ కళ్లకూ అంటుకుంది. వాడు అప్పుడు ఏడవడం మొదలుపెట్టాడు. ఖాలా, కేకలకు లేచి వచ్చిన బాపు కలిసి వాడి ముఖం మీద చెంబులకొద్దీ నీళ్లు పోశారు. అమ్మ తన చేతులను చూసుకుంటూ వాకిట్లో అలాగే నిలబడిపోయింది.

సాయంత్రం వాడి కళ్ల మంట తగ్గాక బాపు ఒళ్లో కూచోబెట్టుకుని అడిగాడు. ‘‘పాము అని చెప్పొచ్చు గదరా?’’

‘‘నాయనమ్మ అనొద్దన్నది గదా.’’

‘‘మరి పురుగు అనకపోయినవ్?’’

‘‘పురుగు అంటె మీరు బొద్దింక అనుకుంటరు’’ అన్నాడు వాడు. అది నిజమే. మేము బొద్దింక అనే అనుకునేవాళ్లం.

బాపు ఇంకో ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాడు. ‘‘ఎదురుంగ పడగ కనవడుతుంటె, గడప అని ఎందుకు అన్నవ్ బిడ్డా?’’

‘‘అమ్మ గట్లనే చదువుమన్నది’’ అన్నాడు నర్సిగాడు.

నాకు ఇన్నేళ్లు వచ్చాయి. చావులు చూశాను, లూటీలు చూశాను, రాజ్యం మారడం చూశాను. ఆ ఒక్క మాటకు అదిరిపడ్డంతగా దేనికీ అదిరిపడలేదు. వాడు కళ్లతో పామును చూస్తున్నాడు. అమ్మ మీద నమ్మకంతో, కనపడుతున్నదాన్ని పక్కనపెట్టి, చెప్పమన్న మాట చెప్పాడు. చెప్పి, లోపలికి వెళ్లమంటే కాలు కూడా ఎత్తాడు. పిల్లలు మనల్ని అంతగా నమ్ముతారా? ఆ నమ్మకం ఎంత భయంకరమైనదో ఆలోచిస్తే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. నాయనమ్మ పాన్‌దాన్ ముందు పెట్టుకుని కూచుంది గాని, పాన్ కట్టలేదు. అమ్మ లేచి తడిగుడ్డ తీసుకుని రోలు మీదిది, చాట మీదిది, పీట మీదిది అన్నీ తుడిచేసింది. గడప మీది అక్షరాలను మాత్రం గోటితో గీకి గీకి తుడిచింది.

తెలుగు పాఠం ఆగిపోయింది. విచిత్రమేమిటంటే దాన్ని ఆపింది బాపు కాదు. ఆయన మరునాడే ఇంటాయనతో తగాదా పడి దూలాలన్నీ ఎత్తించేశాడు గాని, చూశావా నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. వారం తిరక్కుండా ఆయనే, ‘‘చుట్టీలు ఇంక ఉన్నయి గదా, చదివియ్యరాదూ’’ అన్నాడు.

‘‘నాతోని కాదు. వాడు చెప్తుంటె నేను దిద్దిన’’ అంది అమ్మ.

నర్సిగాడు కూడా మారిపోయాడు. ఎవరేం అడిగినా వెంటనే జవాబు ఇచ్చేవాడు కాదు. ‘‘ఇది చదువుడా, చెప్పుడా?’’ అని అడిగేవాడు. ఆకలి అవుతోందా అని అడిగితే కూడా అదే. మొదట్లో మాకు అర్థం కాలేదు. చదవడమైతే పెద్దవాళ్లు కోరినట్టు చెప్పాలి, చెప్పడమైతే ఉన్నది చెప్పవచ్చు అని వాడు లెక్క కట్టుకున్నాడు. వాడు అలా అడిగిన ప్రతిసారీ అమ్మ ముఖం పాలిపోయేది. ఖాలా ఒకరోజు జరీ బట్ట పట్టుకొచ్చి మా వంటింటి ముందు కూచుని కుట్టుకుంటూ, ఎటో చూస్తూ అంది: ‘‘చదివియ్యుడు తప్పు కాదు బెహన్. ఒక్కసారి లేచి సూడాలె. గంతే.’’ అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఊపిందో లేదో నాకు కనపడలేదు.

బడి తెరవబోతున్నారు. సందులో బోనాల మాటలు మొదలయ్యాయి, కుమ్మరి ఇంటి ముందు కొత్త కుండలు ఆరుతున్నాయి. ఒక మధ్యాహ్నం అమ్మ నా జడ వేస్తూ వాకిలి వైపు చూసి, చేయి ఆపేసింది. దూలాలు తీసేశాక వంటింట్లోంచి సామాన్ల అర్ర బాగా కనపడేది. నర్సిగాడు ఆ గడప ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. చేతిలో సుద్దముక్క. ఎక్కడ దొరికిందో. ముందు లోపలికి తొంగి చూశాడు, మోరీ వైపు చూశాడు, తర్వాత గడప పక్కభాగం మీద కుడి చివర ఒక అక్షరం రాశాడు. అది ప. అమ్మ నోరు తెరిచింది. ఎడమ దిక్కు అనబోతోందని నాకు తెలిసింది, నా జడ పట్టుకున్న ఆమె చేయి బిగుసుకుంది. మళ్లీ నోరు మూసుకుంది. వాడు ప పక్కన, ఎడమ వైపున డ రాశాడు. దానికి ఎడమగా, నాలుక బయటపెట్టి, మెల్లగా గ రాశాడు. లేచి నిలబడి చేతులు దులుపుకున్నాడు. గడప మీద ఇప్పుడు ఉన్నది గడపే. అందులో తప్పు ఎక్కడుందో ఎవరు చెప్పగలరు?

అమ్మ నా జడ వదిలేసి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. వాడు అమ్మను చూసి జంకలేదు. ‘‘అమ్మా, నువ్వు అటు దిక్కు నుంచి చదువు. నేను ఇటు దిక్కు నుంచి సూస్త’’ అన్నాడు.

అమ్మ వాడి పక్కన కూచుంది. ఎడమ చివర వేలు పెట్టి, పిల్లలు చదివినట్టు, ‘‘గ... డ... ప’’ అని చదివింది. వాడు కుడి చివర వేలు పెట్టి ‘‘ప... డ... గ’’ అన్నాడు. వంగి గడప అవతల, ఇవతల, మోరీ దాకా చూశాడు. ‘‘లేదు’’ అన్నాడు. అమ్మ అప్పుడు ఏడ్చింది. ఆ మధ్యాహ్నం నుంచి ఇద్దరూ మళ్లీ చదువు మొదలుపెట్టారు. ప్రతి మాటా ఆమె అటు నుంచి, వాడు ఇటు నుంచి. ఆ తర్వాత వాడు ఏదైనా అరిస్తే అమ్మ ముందు లేచి వెళ్లేది, చూసేది, తప్పేమైనా ఉంటే అప్పుడు దిద్దేది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా సరే. వాడికి బడిలో ఏ తికమకా రాలేదు. చుట్టీల వరకేనన్న మాట బాపు మళ్లీ ఎత్తలేదు. వాడు రెండు భాషలూ నీళ్లు తాగినంత సులువుగా చదివాడు. కాకపోతే ముసలితనంలో కూడా కొత్త బోర్డు కనపడితే ముందు కుడి నుంచి ఒకసారి పెదవులు కదిపేవాడు. మరదలు వేళాకోళం చేసేది. మా ఇద్దరికే తెలుసు, వాడు ఏం వెతుకుతున్నాడో.

ఇదంతా మా మనవరాలికి చెప్పాను. పింగాణీ ముక్కల చాట ఒళ్లో పెట్టుకుని అలాగే వింది. ఈ కాలం పిల్లల్ని తప్పుపట్టను. వీళ్లకు మాకు లేనన్ని పనులు, లేనన్ని భయాలు. వీళ్ల ఇళ్లలో పాములు లేవు, అర్రలకు గడపలు కూడా లేవు, నున్నటి నేల మీద ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జారిపోవచ్చు. మా అమ్మకు తడిగుడ్డతో తుడిస్తే పోయే సుద్దముక్క ఉండేది, వీళ్లకు అంటుకునే కాగితాలు ఉన్నాయి. తేడా అంతకంటే పెద్దగా లేదేమో. అప్పుడూ పిల్లవాడు చదువుతుంటే పెద్దలు ఇంకో పనిలో ఉండి దిద్దేవాళ్లు, ఇప్పుడూ అంతే. మా సంగతి మాకు ఒక పాము వచ్చి చెప్పింది. ఆ పిల్లకు చెప్పడానికి నేనున్నాను, అదీ ఎన్నాళ్లో తెలియదు.

చెప్పడం అయిపోయాక ఆమె లేచి చాట తీసుకెళ్లి ముక్కలు పారేసి వచ్చింది. కాసేపటికి వంటింట్లోంచి పిల్లవాడి గొంతు వినిపించింది. కప్పుల అర మీది కాగితం చదువుతున్నాడు కాబోలు. ‘‘క్యాట్!’’ అని అరిచాడు. ఆమె నోరు తెరిచి, ఏదో అనబోయి, ఆగింది. ఫోను సోఫా మీద బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్లింది. నేను కూచున్న చోటునుంచి ఆమె నాకు కనిపించడం లేదు, మాట మాత్రం వినిపించింది.

‘‘ఏది నాన్నా? సూపియ్యి.’’